ముసలి బండికి క్రొత్త కమానులు

మదనపల్లె ప్రాంతమునుండి యొక సోదరి యీ శీర్షికకు వ్రాసిన జాబులో వంటయింటి ప్రసక్తి గాని కుట్టుపని ప్రసక్తి గాని లేదు. వారి కొక పికప్ బండి కలదు. కొని 12 ఏండ్లు దాటినది. పంటకాలమున టమాటలను మార్కెట్టుకు జేర్చుటయు, తక్కిన దినములలో దాణాబస్తాలు, అప్పుడప్పుడు ఇటుకలు తోలుటయు దాని పని. ఇప్పుడా బండి వెనుకభాగము క్రుంగి, యెడమప్రక్కకు ఒరిగినది. పాత కమానుకట్టలకే యొక్కొక్క పట్టీ అదనముగా వేసిన జాలునని మెకానిక్కు చెప్పెనట. దుకాణదారుడు మొత్తము క్రొత్తవి కొనుమనెనట. మఱదిగారు మాత్రము పెద్దబండి కట్టలు తెచ్చి బిగించినచో రెండింతల బరువు మోయవచ్చునని యుత్సాహపడుచున్నారట. డబ్బు తన పెట్టెలోనుండి పోవలసినదియు, రాత్రివేళ ఆ బండి నడుపువాడు తన కుమారుడును గనుక, ఎవరి మాట వినవలెనని యామె యడుగుచున్నారు.

ఇది మగవారి సంగతి యని త్రోసివేయుటకు వీలులేదు. పద్దు వ్రాయు చేతికి వస్తువు స్వరూపము కొంత తెలిసియుండవలెను గదా.

జట్కాబండి నెఱిగినవారికి కమాను క్రొత్తవస్తువు గాదు. 1804లో లండను నగరమున ఒబదయా ఎల్లియట్ అను బండ్లపనివాడు గుఱ్ఱపుబండ్లకు ఉక్కుపట్టీల కమానులను అమర్చు విధమునకు హక్కుపత్రము పొందెను. నేటి పికప్పు క్రింద నున్నదియు ఆ జాతిదే. వంచిన ఉక్కుపట్టీలను ఒకదానిక్రింద నొకటి పేర్చి, నడుమ బోల్టు వేసి, యూబోల్టులతో ఇరుసునకు బిగింతురు. అన్నిటికంటె పొడుగైన మెయిన్ పట్టీ కొనలయందు కన్నులుండును. ఆ కన్నులలో బుష్షులుండును. ఈ మెయిన్ పట్టీ బరువు మోయుట మాత్రమే గాదు, ఇరుసును దాని చోటున నిలుపునదియు అదియే. అది దారిలో విఱిగినచో ఇరుసు ప్రక్కకు జరిగి బండి యొకవైపునకు లాగుకొనిపోవును. సోదరి కుమారుని గూర్చి పడుచున్న దిగులు కారణము లేనిది కాదు.

షాకబ్జర్ల పని వేఱు. అవి బరువు మోయవు. గుంతలో పడి లేచిన బండి మఱల మఱల ఊగకుండ, లోపలి నూనెను సన్నని రంధ్రములగుండ త్రోయుచు ఆ యూపును అణచును. కమాను తప్పును షాకబ్జరుపైనను, షాకబ్జరు తప్పును కమానుపైనను వేసి అక్కఱలేని వస్తువు కొనువారు అనేకులు. వెనుకభాగము క్రుంగినదనగా కమానును చూడవలెను. టైరు అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా అరిగినను, షాకబ్జరు గొట్టమునుండి నూనె కాఱినను షాకబ్జరును చూడవలెను. కిఱ్ఱుమను చప్పుడు, టకటకమను చప్పుడు మాత్రమే యున్నచో తఱచు బుష్షులు మార్చినంతనే తీఱును, అది స్వల్పవ్యయము.

కావున దుకాణమునకు బోవుటకు ముందు ఇంటివద్దనే యొక కొలత తీసికొనవలెను. బండిని ఖాళీ చేసి, చదునైన నేలపై నిలిపి, టైర్లలో గాలి సమముగా నున్నదని చూచుకొని, చక్రము నడిబొడ్డునుండి పైనున్న రేకు అంచువఱకు రెండుప్రక్కల టేపుతో కొలువుడు. కుట్టుటేపుతోనే చేయవచ్చును. తేడా యెంతయో కాగితముపై వ్రాసికొనుడు. పిమ్మట పట్టీలను గుడ్డతో తుడిచి, నడిబోల్టు దగ్గఱను, కన్నుల దగ్గఱను వెండ్రుకవంటి చీలికలున్నవేమో దీపము పెట్టి చూడవలెను. పట్టీల సంఖ్యను, వెడల్పును, మందమును గూడ వ్రాసికొన్నచో బేరమున మీ మాటకు బలము వచ్చును.

ఇక మూడు సలహాల సంగతి. పాతపట్టీలను విప్పి సుత్తితో కొట్టి మఱల వంపు తెచ్చుట కలదు. చౌక. కాని వేలకొలది పర్యాయములు వంగి లేచిన ఉక్కులోని అలసట సుత్తిదెబ్బలతో పోదు. కొలిమిలో కాచి, తగిన రీతిని నూనెలో చల్లార్చి పదును పెట్టనిచో ఉన్న బలమును పోవును. ఆఱునెలలలో అమ్మివేయదలచిన బండికి ఆ మరమ్మతు సరిపోవచ్చునేమో గాని, కుమారుడు నడుపు బండికి నేనైతే ఒప్పుకొనను.

అదనపు పట్టీ మాట మఱింత యోచింపదగినది. పట్టీ బిగువు దాని మందముతో సమముగా పెరుగదు. మందమును మూడుమాఱులు గుణించిన లెక్కన పెరుగును. 8 మిల్లీమీటర్ల పట్టీకి బదులు అదే పొడవు, అదే వెడల్పు గల 10 మిల్లీమీటర్ల పట్టీ వేసినచో బిగువు దాదాపు రెండింతలగును. చూపునకు రెండు మిల్లీమీటర్లే! బిగుసుకొన్న కమాను వంగదు గనుక ఆ దెబ్బ ఇరుసుపైనను, బేరింగులపైనను, పాతబడిన చట్రముపైనను పడును. సగము బరువుతో పోవునప్పుడు బండి ఎగిరెగిరి పడును. టమాటవంటి సుకుమారపు సరకు అడుగు క్రేట్లలో నలిగి రసము కాఱును. అది మార్కెట్టులో ధర తగ్గించుటకు వ్యాపారి కొక సాకు. ఇటుకలకు ఈ బాధ లేదు. మీ బండి యేడాదిలో ఎక్కువ దినములు దేనిని మోయుచున్నదో అదియే యిచ్చట తీర్పరి.

మఱదిగారి పెద్దకట్టల యూహకు నా సమ్మతి లేదు. కమాను మార్చినంతమాత్రమున బ్రేకులు పెద్దవి కావు. కొన్ని బండ్లలో వెనుకచక్రముల బ్రేకును బరువునుబట్టి సవరించు వాల్వు ఉండును. అది చట్రమునకు, ఇరుసునకు నడుమ దూరమును చూచియే బరువు గ్రహించును. గట్టికమానులపై బండి ఎత్తుగా నిలిచినచో నిండుబరువున్నను ఖాళీ యని యెంచి వెనుకబ్రేకును తగ్గించివేయును. ఘాటురోడ్డు దిగునపుడు ఇది యెంత ముప్పో వేఱుగ చెప్పనక్కఱలేదు. పైగా నమోదుపత్రములో వ్రాసిన మొత్తపు బరువే చట్టమునకు ప్రమాణము. ఎన్ని పట్టీలు చేర్చినను అది పెరుగదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము అధికభారమునకు 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు జుల్మానా. రెండింతల మోతవలన వచ్చు లాభము ఒక్క తనిఖీలో హరించిపోవును.

అందుచేత ఈ సోదరికి నేను చెప్పునది దుకాణదారుని మాటకే దగ్గఱగా నున్నది. తయారుచేసినవారు మొదట ఇచ్చిన పట్టీల సంఖ్యయు మందమును గల క్రొత్తకట్టలు, రెండుప్రక్కలకు ఒక్కమాఱే వేయింపుడు. ఒరిగిన యెడమవైపు మాత్రమే మార్చినచో బండి కుడివైపునకు ఒరుగును. యూబోల్టులు ఒకసారి బిగించి సాగినవి గనుక పాతవానిని మఱల వాడనీయకుడు; బుష్షులును క్రొత్తవే కావలెను. షాకబ్జర్లు నూనె కార్చుచున్నచో జతగా మార్పింపుడు, లేనిచో ఈ యేటికి ఉండనిండు. పట్టుకొనునది రబ్బరు బుష్షు అయినచో, దాని బోల్టును బండి నేలపై దిగి బరువు కమానుపై పడిన పిమ్మటనే గట్టిగా బిగింపవలెను. గాలిలో వ్రేలాడుచుండగా బిగించిన బుష్షు మెలిపడి త్వరలో చినుగును. కొన్నివందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట యూబోల్టులను మఱల బిగింపజేయుట మఱవరాదు. వెనుకభాగము లేచును గనుక ముందుదీపముల చూపును సరిచేయింపవలెను.

8 ఏండ్లు దాటిన సరకుబండికి యేటేట యోగ్యతాపత్రము కావలెను. ఆ గడువునకు కొంత ముందుగా ఈ పని పెట్టుకొన్నచో రెండుసార్లు బండి నిలుపవలసిన నష్టము తప్పును. చట్రము కమాను తగిలించు చోటనే తుప్పు తిన్నచో మాత్రము కట్టలు కొనకముందే ఆగి, బండి నుంచుకొనుటా మానుటా యని యింటిలో మాటలాడుకొనవలెను.

పాతపట్టీలను షెడ్డులో విడిచి రాకుడు. అవి మీ సొత్తు. కమానుపట్టీతో చేసిన కత్తిపీటయు, కొడవలియు ఎంతకాలము పదును నిలుపునో మీ యూరి కమ్మరి నడిగిన చెప్పును. చీలిక లేని తునక నేరి యిచ్చినచో చేతికూలికే చేసిపెట్టును.