కిరణాయుధమా? తుపాకియా?

సెలవులకు ఇండ్లకు పోయివచ్చిన విద్యార్థులు తాము చూచిన చలనచిత్రములను గూర్చి వసతిగృహపు అరుగులపై ముచ్చటించుకొనుట పరిపాటి. అట్టి ముచ్చటలలో తఱచుగా వాదమునకు వచ్చు విషయ మొకటి కలదు. రాబోవు కాలమును చిత్రించు శాస్త్రకల్పిత కథలలో వీరుని చేతికి తగిన ఆయుధ మేది? కాంతిని చిమ్ము కిరణాయుధమా, గుండును ప్రేల్చు తుపాకియా? పిన్నలలో పెక్కండ్రు కిరణాయుధము పక్షము వహింతురు. ఇది వట్టి బాల్యచాపల్యమని పెద్దలు త్రోసివేయుదురు. నా కట్లు తోచదు. మన మే యాయుధమును మెచ్చుకొందుమో, దానినిబట్టి మన మనస్సు ఎవరి ప్రక్కన నిలిచినదో తెలియవచ్చును. కావున ఈ విషయమును కొంత శ్రద్ధతో విచారింతము.

మొదట రెండింటి స్వభావమును తెలిసికొనవలెను. చిరకాలము మన దేశమున వాడుకలో నుండిన 303 రైఫిలు గుండు సుమారు 11 గ్రాముల బరువు కలిగి, గొట్టము వెలువడునప్పుడు సెకనుకు సుమారు 740 మీటర్ల వేగముతో పోవును. ఆ లెక్కను అది మోసికొనిపోవు శక్తి యించుమించుగా 3,000 జౌళ్లు. అది పోవుచు భూమ్యాకర్షణముచే క్రిందికి వంగును, ప్రక్కగాలికి తొలగును. కిలోమీటరు దూరము పోవుటకు దానికి సెకను కంటె నెక్కువ కాలము పట్టును. కాంతి యన్ననో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. 30 కిలోవాట్ల లేజరు సెకనుకు 30,000 జౌళ్ల శక్తిని వెలువరించును గనుక, సెకనులో పదవ వంతు కాలముననే ఒక గుండు మోసిన శక్తి నంతయు అప్పగింపగలదు. ఇంతవఱకు చూచినచో కిరణాయుధమునదే పైచేయి.

అయితే లెక్క యింతటితో ముగియలేదు. గుండు తన శక్తిని వ్రేలికొన యంత చోట ఒక్క క్షణమున దింపి లోనికి చొచ్చుకొనిపోవును. కిరణము మొదట పైపొరను మాత్రమే కాల్చును. లోనికి పోవలె నన్నచో అదే బిందువుపై కదలక నిలువవలెను. లక్ష్యము కదలినను, పొగ క్రమ్మినను, దాని బలము తగ్గును. ఇందులకు మన అనంతగిరియే సాక్ష్యము. వానకాలమున ఘాటురోడ్డుపై ఎదురుగా వచ్చు లారీ దీపములు మంచులో తెల్లని స్తంభములవలె కనబడును గదా! చూచుట కెంత బలముగా తోచినను, ఆ స్తంభము ముందుకు పోవలసిన వెలుగు నీటి తుంపరలచే చెదరి మన కంటివైపునకు మరలిన వెలుగే. స్తంభ మెంత చక్కగా కనబడునో, దారి యంత తక్కువగా కనబడును. చలనచిత్రములలో ఎఱ్ఱగను, పచ్చగను దూసికొనిపోవు కిరణములకును ఇదే న్యాయము. నిర్మలమైన శూన్యమున కిరణము ప్రక్కనుండి చూచువానికి కనబడనే కనబడదు. అది వచ్చుచుండగా చూచి ప్రక్కకు దుముకుట అసంభవము. ఏలయన, చూపును మోసికొనివచ్చునదియు కాంతియే.

మఱియొక చిక్కు వేడిమి. 30 కిలోవాట్ల కిరణమును వెలువరించు యంత్రము దానికి మూడు రెట్ల విద్యుత్తును గ్రహించుననుకొన్నచో, మిగిలిన రెండు వంతులును యంత్రముననే వేడిగా నిలుచును. నేలపై గాలియో నీరో ఆ వేడిని కొనిపోవును. శూన్యాకాశమున గాలి లేదు. ఆ వేడి కేవలము వికిరణముచే మెల్లమెల్లగా పోవలెను. కావున చేత బట్టిన చిన్న పిడిలోనుండి ఎడతెగక కిరణములు వెలువడునని వ్రాయు రచయిత, ఆ పిడి కాలి వీరుని చేయి బొబ్బలెక్కు సంగతిని మఱచినవాడే. తుపాకిమందులో మండుటకు వలయు ప్రాణవాయువు ఇమిడియుండును గనుక, తుపాకి శూన్యమునను ప్రేలును. శబ్దము మాత్రము వినబడదు; కాల్చినవాడు న్యూటను సూత్రము ననుసరించి వెనుకకు తేలిపోవును.

ఇవి యన్నియు ఊహలేయని తలపవలదు. మన రాష్ట్రముననే కర్నూలు దగ్గఱ జాతీయ పరీక్షా క్షేత్రమున, 2025 ఏప్రిల్ 13వ తేదీన, మన దేశ రక్షణ పరిశోధనా సంస్థవారు 30 కిలోవాట్ల లేజరాయుధమును ప్రయోగించి, మానవుడు లేక యెగురు చిన్న విమానములను నేలగూల్చిరి. దాని నిర్మాణమున హైదరాబాదునందలి ఆ సంస్థ ప్రయోగశాల ముఖ్యపాత్ర వహించినది. ఆ యంత్రము వీరుని మొలలో దోపుకొను పిస్తోలు కాదు. వాహనముపై నెక్కించిన పెద్ద సాధనము. కథలలోని కిరణాయుధమునకును, నిజమైన దానికిని గల యంతరము దీనిచే స్పష్టమగుచున్నది.

శాస్త్రదృష్టితో ఈ రెండింటిలో దేనికిని సంపూర్ణ విజయము లేదని తేలినది. ఇక కథాదృష్టితో చూతము. నా యభిప్రాయమున ఆయుధము కథకు మేలు చేయుట దాని బలముచే గాదు, దాని వెలచే. తుపాకికి బరువున్నది, చప్పుడున్నది, తూటాల లెక్క యున్నది. చివరి తూటా మిగిలినప్పుడు వీరుడేమి చేయు నను ప్రశ్నయే కథకు ప్రాణము. లెక్క లేని కిరణములు గలవానికి ఆ ప్రశ్న రాదు. ప్రశ్న రానివానికి ధైర్యముతో పని లేదు.

మన పూర్వకవు లీ మర్మమును బాగుగా నెఱిగిరి. ఆగ్నేయాస్త్రమును, బ్రహ్మాస్త్రమును కల్పించియు వానిని ఊరక విడువలేదు. ఇంద్రుడిచ్చిన శక్తి కర్ణునకు ఒక్కసారియే పనికివచ్చును. అర్జునునికై దాచుకొన్న దానిని ఘటోత్కచునిపై వేయవలసివచ్చినది. అశ్వత్థామ అస్త్రమును విడుచుట యెఱుగునే గాని మరలించుట యెఱుగడు. ఆ యజ్ఞానముచే అది గర్భస్థ శిశువు మీదికి పోయినది. ఆ యశ్వత్థామనే 2024లో వెలువడిన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రమున మనవారు భావికాలమునకు గొనివచ్చిరి. పాశ్చాత్యులలో ఫ్రాంక్ హెర్బర్టు 1965లో ప్రకటించిన ‘డ్యూన్’ నవలలో ఇట్టి నియమమునే పాటించెను: కిరణము రక్షాకవచమును తాకినచో ఘోరమైన ప్రేలుడు కలుగు నని విధించుటచే, ఆతని వీరులు మరల కత్తులను పట్టవలసివచ్చినది. 1977 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రమునందలి కిరణములు కంటికి కనబడుచు మెల్లగా పోవుటచే, పేరునకు కిరణములైనను పనికి తుపాకిగుండ్లే. ప్రేక్షకులకు తుపాకియే వలెనని దర్శకునకు తెలియును కాబోలు!

ఇంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి కలదు. 1898లో హెచ్. జి. వెల్సు ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ అను నవలను ప్రకటించెను. అంగారకవాసులు ఉష్ణకిరణముతో ఇంగ్లండుపై బడుదురు. ఇంగ్లీషువారి ఫిరంగులు ఒక యంత్రమును కూల్చినను, తుదకు కిరణముదే గెలుపు. శత్రువులు నశించినది సూక్ష్మజీవులచేతనే. ఆ గ్రంథారంభముననే వెల్సు టాస్మేనియా ఆదివాసులపై ఐరోపావారు జరిపిన మారణకాండను తన దేశస్థులకు జ్ఞప్తి చేసెను. ఆ జాతి సంతతివారు నేటికిని గలరు గాని, నాటి హింస మఱవరానిది. అనగా, ఈటె గలవానికి తుపాకి యెట్టిదో, తుపాకి గలవానికి ఉష్ణకిరణ మట్టిదని అతని భావము.

ఈ మాట మన కొండలవారికి వేరొకరు బోధింపవలసినది కాదు. అడవి చట్టములు పోడు వ్యవసాయమును అడ్డగింపగా, కూలి సరిగా నీయక రోడ్డు పనులు చేయింపగా, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజును, ఆతని యనుచరులును చింతపల్లి పోలీసు ఠాణాపై బడి తుపాకులను, తూటాలను గైకొనిరి. మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. వా రాశించినది ధనము కాదు, ఆయుధములు. విల్లంబులు చేతబట్టిన గ్రామస్థునకు తుపాకియే ఆనాటి కిరణాయుధము. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చివేసినదియు తుపాకియే. ఆతని పేరు నేడు మన జిల్లా పేరై నిలిచినది. ఈ నేలపై పెరిగిన బాలుడు కథలోని కిరణమును చూచి చప్పట్లు కొట్టునప్పుడు, ఆ కిరణము ఎవరి గుడిసెపై పడుచున్నదో కూడ చూడవలెనని నా మనవి.

కొందఱు నన్నాక్షేపింపవచ్చును. “కథ వినోదమునకు గదా! ప్రతి కిరణమునకును కన్నీటి లెక్క వ్రాయవలెనా?” అని యడుగవచ్చును. వినోదము తప్పని నేననను. కాని చప్పుడు లేక, రక్తము లేక, ఒక మెఱుపులో మనుష్యుడు మాయమగు నని పదేపదే చూపినచో, చచ్చినవాడు మనుష్యుడను జ్ఞానమే మనలో మొద్దుబారును. తుపాకి కథలలో శవమైనను మిగులును. దానిని పూడ్చుట కెవరో రావలెను. కావుననే నేను తుపాకి పక్షము వహించుచున్నాను. తుపాకి మంచిదని కాదు. అది తాను చేసిన పనిని దాచలేదు గనుక. కిరణాయుధమును వ్రాయదలచువారు వ్రాయవచ్చును గాని, దానికి బరువును, వేడిని, లెక్కను, పడినవానికి ఒక పేరును ఇచ్చి వ్రాయవలెను.

బాల దావీదు కథ మన పాఠశాలలో నెఱుగని వారు లేరు. రాజు తొడిగిన కవచమును విడిచి, తన కలవాటైన వడిసెలను, ఏటిలోని అయిదు రాళ్లను అతడు గైకొనెను. ఆ కథ వేలయేండ్లు నిలిచినది రాతి బలముచే గాదు. బలహీనుని ప్రక్కన నిలిచి చెప్పబడుటచే. విద్యార్థులారా! రాబోవు సంచికకు మీలో నొకరు శాస్త్రకల్పిత కథ వ్రాయుదురు గాక. ఆకాశమునుండి కిరణములతో దిగినవారిని గూర్చి కాక, మంచు క్రమ్మిన ఉదయమున కాఫీతోట నడుమ నిలిచి వారిని తలయెత్తి చూచిన యొక బాలికను గూర్చి వ్రాయుడు. ఆ మంచులో కిరణము చెదరిపోవునని ఆమెకు మీరే చెప్పవచ్చును.