'రాయాడు', 'కమ్డ్': తప్పా, తర్కమా?

రాస్ తనూరాలో రిఫైనరీ షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన ఒక మిత్రునికి నాలుగేళ్ల కుమార్తె గుమ్మంలోనే స్వాగతం పలికింది: "అమ్మా, నాన్న రాయాడు!" అక్కడున్న మేమందరం ఫక్కున నవ్వాము. పాప చిన్నబుచ్చుకొని, వెంటనే ఇంగ్లీషులోకి మారి "డాడీ కమ్డ్" అన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తల్లి "కేమ్ అనాలమ్మా" అని ఓపికగా దిద్దింది. ఆ సాయంత్రమంతా పాప మరల తెలుగులో నోరు విప్పలేదు. నవ్వినవారిలో నేనూ ఒకణ్ణి కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నిజానికి పాప రెండుసార్లూ చేసినది ఒకే పని. 'పో'కు 'పోయాడు' అయినప్పుడు 'రా'కు 'రాయాడు' ఎందుకు కారాదు? 'వాక్'కు 'వాక్డ్' ఉండగా 'కమ్'కు 'కమ్డ్' ఏల తప్పు? పెద్దలెవరూ ఈ రూపాలు పలుకరు. విన్న మాటలనుండి సూత్రం తానే కట్టుకొన్నది. 1958లో అమెరికన్ పరిశోధకురాలు జీన్ బెర్కో ఈ శక్తినే పరీక్షించారు. 'రిక్' అనే లేని క్రియను కల్పించి, "నిన్న అతడేమి చేశాడు?" అని అడిగితే, పసివారిలో అధికులు 'రిక్డ్' అని బదులిచ్చారు. మొదట 'కేమ్' అని సరిగా పలికిన పిల్లలే, సూత్రం పట్టుబడ్డాక 'కమ్డ్' అనటం కూడ కద్దు. వెనుకడుగుగా కనబడేది ముందడుగే.

మా తరం 'గో-వెంట్-గాన్' పట్టికను బెత్తం భయంతో వల్లించింది. కారణం ఎవరూ చెప్పలేదు. 2007లో 'నేచర్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రాచీన ఆంగ్లంలోని 177 క్రమరహిత క్రియలను పరిశీలించింది. మధ్యయుగానికి వాటిలో 145, నేటికి 98 మాత్రమే అట్లా మిగిలాయి. వాడుక నూరవ వంతైన క్రియ పదిరెట్లు వేగంగా సామాన్య నియమానికి లొంగుతుందని తేలింది. 'హెల్ప్'కు ఒకప్పుడున్న 'హోల్ప్' పోయి 'హెల్ప్డ్' వచ్చింది. నిత్యం నోట నలిగే 'గో', 'కమ్' లొంగలేదు. 'వెంట్' అయితే 'గో' కన్నబిడ్డ కాదు, 'వెండ్' అనే మరొక క్రియ ఇంటినుండి వచ్చిన దత్తత. మన 'రా', 'వచ్చు' మాత్రం ఒకే ద్రావిడ ధాతువుకు పుట్టిన తోబుట్టువులు.

అపవాద రూపాన్ని నిలిపేది సూత్రం కాదు, వినికిడి. 'కేమ్' అనే మాటను బడి, ఆటస్థలం, టెలివిజన్ మన పిల్లలకు పదేపదే వినిపిస్తాయి. ఈ సముద్రతీరాన 'వచ్చాడు' అనే మాటకు మన ఇల్లే దిక్కు. వారానికొక గంట తెలుగు తరగతి మంచిదే గాని, ఈ పని దానివల్ల కాదని నా అభిప్రాయం. నవ్వినా, ఇంగ్లీషులో బదులిచ్చినా పిల్లవాడు వినవలసిన మాట వినబడకుండానే పోతుంది. "అవునమ్మా, నాన్న వచ్చాడు. నీకేమి తెచ్చాడో చూడు" అంటే చాలు, దిద్దినట్లూ ఉండదు, ఆ రెండు వాక్యాలలో అపవాద రూపాలు రెండున్నవి.