మూడు నెలల ముచ్చట

తెనాలిలో కాపురం, బెజవాడలో ఉద్యోగం. మాబోటి వాళ్లకు సీజను టిక్కెట్టే శ్రీరామరక్ష. నెలనెలా కొనుక్కుంటూ వస్తున్న నాకు మార్చి ఒకటో తేదీన ఒక మిత్రుడు జ్ఞానోపదేశం చేశాడు: "మూడు నెలలది కొనవోయ్, నెల టిక్కెట్టుకు 2.7 రెట్లే!"

నిజమే. నెల టిక్కెట్టు ధరను పది పాళ్లు చేస్తే మూడు పాళ్లు మిగులు. అక్కడికక్కడే కొనేశాను. (సూపర్‌ఫాస్టు ఎక్కాలంటే పైన సర్‌ఛార్జీ కూడా కట్టాలి, నేను ప్యాసింజరు వాణ్ణి కనుక ఆ బెడద లేదు.)

ఇంటికొచ్చి గొప్పగా చెబితే మా ఆవిడ క్యాలెండరు వంక చూసింది.

"మే నెలంతా మీకు సెలవులు కావుటండీ?"

తెలుగు చెప్పుకునేవాడికి లెక్కలెందుకు గుర్తుంటాయి! రెండు నెలలకు విడివిడిగా రెండు టిక్కెట్లు చాలును. మూడు పాళ్లు మిగుల్చుకోబోయి ఏడు పాళ్లు వదిలించుకున్నాను.

"పోనీలెండి, దండగెందుకు? మేలో రోజూ బెజవాడ వెళ్లి కూరలు పట్టుకురండి" అంది.

తెనాలి కూరలకేం లోటొచ్చిందని నేనడగలేదు.