కాపాడినవారికీ కాపుదల కావాలి

2025 ఏప్రిల్ 13 మట్టల ఆదివారం. ఆ రోజే మా నాతవరానికి దగ్గరలోని కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిదిమంది మరణించారు. అంతకు ముందు 2024 ఆగస్టు 21న ఇదే అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురంలో, ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడు 17 మందిని బలి తీసుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఇలాంటి చోట్ల జనమంతా ప్రాణభయంతో బయటికి పరుగెడుతుంటే కొందరు మాత్రం లోపలికి పరుగెడతారు. వాళ్లు 108 అంబులెన్స్ సిబ్బంది, అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, ఊరి కుర్రాళ్లు. మృతుల కుటుంబాలను మనం ఓదారుస్తాం, క్షతగాత్రులను పరామర్శిస్తాం. మరి ఒంటిమీద గాయం లేకుండా ఇంటికి తిరిగొచ్చిన ఈ రక్షకుల సంగతేమిటి?

వాళ్ల గాయం కంటికి కనిపించదు. కళ్లు మూస్తే ఆ దృశ్యమే వస్తుంది. దీపావళి టపాసు చప్పుడుకు ఒళ్లు వణుకుతుంది. ఆ దారిన వెళ్లాలంటే కాళ్లు రావు. పిల్లలు గట్టిగా నవ్వినా చిరాకు. భార్య పలకరిస్తే మౌనం. కొందరు నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయిస్తారు. ఇవి నెల దాటినా తగ్గకుండా మనిషి బతుకును అస్తవ్యస్తం చేస్తే దాన్ని వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో ఆ పేరు చేరింది 1980లో. ఒక్క పెద్ద ప్రమాదమే అక్కర్లేదు, రోజూ రోడ్ల మీద నెత్తురు చూసేవారికి అది కొద్దికొద్దిగానూ రావచ్చు. మన తెలుగునాట 108 సేవలు మొదలైనది 2005 ఆగస్టు 15న. ఇన్నేళ్లలో ఆ బండ్లలో తిరిగినవారు ఎన్ని మరణాలు చూసి ఉంటారో ఊహించండి.

ఇలాంటి తమ్ముడు ఆదివారం మందిరానికి వస్తే మనం చేసేదేమిటి? 'దేవుడు నిన్ను కాపాడాడు, లేచి సాక్ష్యం చెప్పు బ్రదర్' అంటాం. చెప్పలేకపోతే విశ్వాసం తగ్గిందంటాం. రాత్రిళ్లు కేకలు వేస్తున్నాడంటే దురాత్మ అని తేల్చేస్తాం. డాక్టరు దగ్గరికి వెళ్తానంటే ప్రార్థన చాలదా అంటాం. మన ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ అది పుండుమీద కారమే.

దేవుడు అలా చేయలేదు. ఏలీయా ప్రవక్తను చూడండి. కర్మెలు పర్వతం మీద ఒంటరిగా నిలిచి గెలిచిన మహా విశ్వాసి ఆయన. ఆ వెంటనే అరణ్యంలోకి పారిపోయి, బదరీ వృక్షం కింద కూర్చుని, చావు కావాలని దేవుణ్ణే అడిగాడు (1 రాజులు 19:4). ఆయన బలహీనుడు కాడు, అలసిపోయిన బలవంతుడు. దేవుడు ఆయన్ను గద్దించలేదు, వాక్యం బోధించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ప్రయాణం ఆయన శక్తికి మించినదని ఒప్పుకున్నదీ దూతే. ప్రశ్న అడిగింది ఆ తర్వాత, నలభై రోజుల ప్రయాణం ముగిసి హోరేబు చేరాక!

అక్కడ ఇంకో విశేషముంది. దేవుడు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే ఏలీయా అదే జవాబును రెండుసార్లు చెప్పాడు (19:10, 14). గాయపడిన మనసు అంతే, చెప్పిందే చెబుతుంది. 'నిన్న చెప్పావుగా' అనలేదు దేవుడు. రెండోసారీ విన్నాడు. అప్పుడు పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను చూపించాడు. నిద్ర, ఆహారం, వినే చెవి, ఆ తర్వాత పని, తోడు. కోలుకోవడానికి దేవుడు వేసిన వరుస ఇది. మనమేమో ఈ వరుసను తలకిందులు చేసి, సాక్ష్యంతో మొదలుపెడుతున్నాం.

ఘోరం జరిగిన వెంటనే బాధితుల చేత చూసిందంతా బలవంతంగా చెప్పించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. సరైన సమయంలో, శిక్షణ పొందిన కౌన్సిలర్ సమక్షంలో, ఆ జ్ఞాపకాలను కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్స ఉంది. అవసరమైతే మందులూ ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 'ప్రార్థన చాలదా' అనేవారికి ఒక్క మాట. ఏలీయాను రొట్టె లేకుండానే బతికించగల దేవుడు రొట్టెనే పంపాడు. వైద్యుడి దగ్గరికి వెళ్లడం ఆ రొట్టె తినడం లాంటిదే. ప్రార్థన మానమని కాదు, ప్రార్థిస్తూనే బస్సెక్కమని.

సంఘం చేయగలిగినవి చిన్నవే. వాళ్ల ఇంటికి ఒక పూట భోజనం పంపండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు ఆరాధనకు రాలేదని నిష్ఠూరమాడకండి. చివరి బల్లమీద కూర్చుని మధ్యలో లేచి వెళ్లిపోయినా ఎందుకని అడగకండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి. అన్నీ ఒంటరిగా మోస్తున్న అతని భార్యను పలకరించండి. అతను మాట్లాడిన రోజున సలహా ఇవ్వకుండా వినండి. కోలుకున్నాక అదే ఉద్యోగానికి వెళ్లినా, వేరే పని వెదుక్కున్నా అది ఓటమి కాదు.

మనం సైరన్ విని దారిచ్చి పక్కకు తప్పుకుంటాం. ఆ బండి తోలేవాడి గుండెలో మోగే సైరన్ విన్నప్పుడు మాత్రం పక్కకు తప్పుకోకూడదు, దగ్గరికి వెళ్లాలి. దేవుడు ఏలీయా దగ్గరికి దూతను పంపాడు. ఈ తమ్ముడి దగ్గరికి పంపడానికి ఆయనకు మన సంఘమే ఉంది.