విదేశీ డిగ్రీ సరే, రెండు నెలల శిక్షణ మాటేమిటి?

విదేశాల్లో వైద్యవిద్య అనగానే మన చర్చంతా ఐదారేళ్ల ఎంబీబీఎస్ చుట్టూనే తిరుగుతుంది. 2022లో యుద్ధం వల్ల యుక్రెయిన్ నుంచి వేలమంది చదువు మధ్యలో తిరిగొచ్చారు. బయట చదివినవారు ఇక్కడ ప్రాక్టీసు కోసం రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో చాలా విడతల్లో పావు వంతు మందైనా గట్టెక్కడం లేదు. ఇవి పట్టించుకోవాల్సినవే. కానీ ఇక్కడే చదువుతూ, రెండు నెలలు బయటి ఆసుపత్రిలో శిక్షణ పొంది వచ్చే దారి గురించి మాట్లాడేవారు తక్కువ. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్యపాఠశాలే మూలంగా జిప్‌మర్ వైద్యసంస్థ ఎదిగిన పుదుచ్చేరిలోనైనా ఆ మాట ఎత్తాలి.

మన పిల్లలకు చొరవ లేదనడం తేలిక. అసలు అడ్డు టైంటేబుల్‌లో ఉంది. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి ఎలెక్టివ్స్ (విద్యార్థి తానే ఎంచుకునే శిక్షణ) వచ్చినా, వాటిని బయటి దేశంలో చేసేందుకు దారి చూపే కాలేజీలు అరుదు. నర్సింగ్‌లో బిగింపు ఇంకా ఎక్కువ. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో నూరు శాతం హాజరుండాలి. బయటి వార్డులో చేసిన గంటలు ఇక్కడ లెక్కకు రాకపోతే, అవన్నీ మళ్లీ చేయాల్సిందే. యూరప్‌లో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం ఇన్నేళ్లు నిలిచిందంటే, ఒక దేశంలో చదివింది ఇంకో దేశంలో చెల్లడం, ఖర్చుకు కొంత గ్రాంటు దొరకడం ముఖ్య కారణాలు.

రెండో అడ్డు డబ్బు. రూ.20 లక్షల దాకా ఇచ్చే తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీలకు ఉద్దేశించినవి. రెండు నెలల శిక్షణ వాటి పరిధిలోకి రాదు. పోనీ తర్వాత వెళ్దామంటే, డిగ్రీ పూర్తయ్యాక అమెరికా ఆసుపత్రుల్లో ఎక్కువగా దొరికేది పక్కన నిలబడి చూసే అవకాశమే. వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అంతటి ప్రతిభావంతుడు బోస్టన్ చేరడానికి కూడా మామగారు కూడగట్టిన సొమ్ము, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన హామీ కావాల్సివచ్చాయి.

వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడిపోతారన్న భయం ఉంది. డిగ్రీ ఇక్కడే ఉంటుంది కనుక రెండు నెలలకు వెళ్లినవారు తిరిగి రాక తప్పదు. తర్వాత కొందరు వలసపోవచ్చు. అయితే ఈ తలుపు మూసినంత మాత్రాన వాళ్లు ఆగరు, డబ్బులేనివాళ్లే ఆగిపోతారు. మన ఓపీల్లో కనిపించినన్ని కేసులు అక్కడ ఉండవన్నది మరో అభ్యంతరం. నిజమే, విదేశీ విద్యార్థులు ఎలెక్టివ్స్‌కు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చేది అందుకే. కానీ రోగికి తగిన సమయం ఇవ్వడం, నర్సు మాటకు డాక్టరు విలువివ్వడం, ఫ్యామిలీ డాక్టరు దగ్గరే చాలా జబ్బులు తేలిపోవడం కేసుల సంఖ్య నేర్పే పాఠాలు కావు.

2008 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయిన జిప్‌మర్ సొంతంగా డిగ్రీలిస్తుంది. మొదటి అడుగు అదే వేయాలి. కొద్ది విదేశీ సంస్థలతో ఒప్పందాలు చేసుకుని, అక్కడి గంటలను ఇక్కడి హాజరులో కలపాలి. ఈ శిక్షణకిచ్చే స్కాలర్‌షిప్పుల్లో సగమైనా నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థులకు, అందులోనూ పేదవారికి ముందుగా ఇవ్వాలి. హాజరు, ఖర్చు తేల్చకుండా ఎన్ని ఒప్పందాలు చేసుకున్నా, విమానమెక్కేది ఎప్పటిలా ఉన్నవాళ్ల పిల్లలే.