కాలు విరిగిన కోడికి ఇరవై రోజులు ఇవ్వలేమా?

 

పోయిన నెల మన గోడపత్రికలో పరిశుభ్రత మీద పదో తరగతి అన్న రాసిన వ్యాసాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేను రాసేది అంత పెద్ద విషయం కాదు. ఒక కోడి గురించి. నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకుని తరవాత చదవండి.

భోజనశాల వెనక, కంచాలు కడుక్కునే కుళాయిల దగ్గర తిరిగే ఎర్ర పెట్ట మీ అందరికీ తెలుసు. అది మన వంట ఆయమ్మది. ఆగస్టులో ఒక ఆదివారం దాని ఎడమ కాలు విరిగింది. కుక్క పట్టిందని కొందరు, తలుపు సందులో పడి నలిగిందని కొందరు చెప్పుకున్నారు. అవేవీ కాదు. రాయి విసిరింది నేను. జామకాయకి విసిరితే పొరపాటున తగల్లేదు, కోడినే చూసి విసిరాను. కంచం కింద పెట్టి నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి అన్నంలో ముక్కు పెట్టిందని కోపం వచ్చింది. తగలదులే అనుకున్నాను. ఆయమ్మకి ఆ సాయంత్రమే చెప్పేశాను. మీకు మాత్రం ఇప్పుడు చెబుతున్నాను.

కోడి రెక్కలు కొట్టుకుంటూ పక్కకి పడిపోతూ ఉంటే చుట్టూ పది మంది మూగారు. "ఎలాగూ చచ్చిపోద్ది, కోసెయ్ ఆయమ్మా, మాకూ ఒక ముక్క పెట్టు" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే బాగుందనిపించింది. కూరైపోతే ఇక దాని గురించి ఎవరూ అడగరు కదా.

ఇక్కడ ఒక మాట. కోడిని తినకూడదని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. ఇటుకల పండుగకైనా, కొత్తలకైనా కోడి లేకుండా మా ఊళ్ళో పని జరగదు. మన హాస్టల్లో కోడికూర పెట్టే రోజు అందరికంటే ముందు వరసలో ఉండేది నేనే. పండక్కి కొయ్యడం వేరు, మనం విరగ్గొట్టి ఆ పని కనబడకుండా పోవడానికి కొయ్యడం వేరు అని మాత్రమే నా అభిప్రాయం.

ఆయమ్మ ఒప్పుకోలేదు. "ఇది పొదిగే పెట్టరా గుంటా. సంతకెళితే కోడి దొరుకుతాది, పొదిగే పెట్ట ఎక్కడ దొరుకుతాది?" అంది. ఆ మాట నాకు బాగా తెలుసు. మా ఊళ్ళో కొందరికి వనరాజా, గ్రామప్రియ పిల్లలు ఇచ్చారు. హైదరాబాదులో రాజేంద్రనగర్ పరిశోధన సంస్థలో తయారైన రకాలు అవి. నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే అవి పొదగడం అరుదు. వాటి గుడ్లు కూడా నాటు పెట్ట కిందే పెట్టాలి. అంచేత మా అమ్మ కూడా పొదిగే పెట్టని ఎంత ధర చెప్పినా అమ్మదు. ఆయమ్మ పెట్ట ఈ ఏడాది రెండుసార్లు పిల్లలు లేపింది. ఆ పిల్లల్ని అమ్మిన డబ్బుతోనే ఆవిడ కూతురు కాలేజీకి బస్సులో వెళుతోంది. నేను విసిరిన రాయి ఎవరికి తగిలిందో అప్పుడు తెలిసింది.

ఆయమ్మ ఒకే మాట చెప్పింది. "రెండ్రోజులు చూద్దాం. నీళ్ళు తాగితే ఉంచుదాం, తాగకపోతే అది బాధపడకుండా నేనే కోసేస్తాను. విరగ్గొట్టినోడివి నువ్వే చూసుకో."

వార్డెన్ సార్ పాత సామాన్ల గదిలో మూల చోటు ఇచ్చారు. డార్మిటరీలోకి తేకూడదని, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలని రెండు షరతులు పెట్టారు. సార్ ఫోన్ లోంచే పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారితో మాట్లాడించారు. ఆయన మొదట అడిగింది చర్మం చిట్లిందా, ఎముక బయటికి కనబడుతోందా అని. లేదన్నాను. పొలుసులు ఉన్న భాగంలోనే విరిగిందన్నాను. అయితే కట్టు కట్టొచ్చు, చర్మం చిట్లి ఉంటే మాత్రం ఆసుపత్రికి తేవాలి అన్నారు. (కోడికి వెనక్కి వంగినట్టు కనబడే కీలుని మనం మోకాలు అంటాం గాని అది దాని మడమేనట. సైన్సు సార్ చెప్పారు. మోకాలు పైన ఈకల్లో ఉంటుందట.)

మా తాత మేకకి కాలు విరిగితే వెదురు బద్దలతో కట్టడం చూశాను. నల్లేరు కూడా దంచి పెడతాడు. నాకు నల్లేరు దొరకలేదు, వెదురు దొరికింది. రెండు బద్దలు చీరి, గరుకు పోయేదాకా రాతి మీద రుద్దాను. కాలికి దూది చుట్టి, అటొకటి ఇటొకటి పెట్టి పాత లుంగీ పేలికతో కట్టాను. బాగా బిగించాను. అదే తప్పయింది. తెల్లారేసరికి వేళ్ళు వాచిపోయి చల్లగా ఉన్నాయి. ఆయమ్మ చూసి "కాలు అతుకుతావా, ఊడగొడతావా" అని తిట్టి, తనే విప్పి వదులుగా కట్టింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నా సాయంత్రం వేళ్ళు పట్టుకుని చూసేవాణ్ణి. వెచ్చగా ఉంటే సరే. కోడి ఒంటి వేడి మన కంటే ఎక్కువ, 41 డిగ్రీల పైమాటే. అందుకే చల్లబడితే చేతికి వెంటనే తెలిసిపోతుంది.

నీళ్ళ విషయంలో కూడా తప్పు చేశాను. ముక్కు తెరిచి గ్లాసుతో పోస్తే ఉక్కిరిబిక్కిరి అయింది. సైన్సు సార్ పిలిచి నోరు తెరిచి చూపించారు. నాలుక వెనకాలే ఊపిరి గొట్టం తెరిచి ఉంది. పోసిన నీళ్ళు అందులోకి పోతే కోడి అక్కడే చచ్చిపోతుందట. ముక్కు కొన మాత్రం నీళ్ళలో ముంచాలి, లేదా ఒక్కొక్క చుక్క ముక్కు అంచు మీద వెయ్యాలి. మింగితే తల పైకెత్తుతుంది. రెండోరోజు మధ్యాహ్నం నేను వెయ్యకుండానే తనంతట తాను మూకుడులో ముక్కు పెట్టి తాగింది. పరిగెత్తుకెళ్ళి ఆయమ్మకి చెప్పాను.

తరవాత పెద్దగా చెప్పేదేమీ లేదు. నానబెట్టిన చోళ్ళు, సామ నూక, మన ఎనిమిదో తరగతి తమ్ముళ్ళు తెచ్చిన చెదపురుగులు పెట్టాం. హాస్టల్లో గుడ్డు పెట్టే రోజుల్లో పెంకులు పోగుచేసి నలిపి కలిపాను. ఎముకకి సున్నం కావాలి కదా. గడ్డి రోజూ మార్చాను. గది చీకటిగా ఉండడం కూడా మేలయింది. చీకట్లో కోడి కదలకుండా కూర్చుంటుంది. 22వ రోజున కట్టు విప్పాం. గుడ్డు పిల్ల అవడానికి పట్టే 21 రోజులూ, ఎముక అతకడానికి పట్టిన రోజులూ దగ్గర దగ్గరే. విరిగిన చోట బుడిపెలా ఉంది, కాలు కొంచెం వంకర. కానీ నిలబడింది.

బయట వదిలిన మొదటి రోజే మిగతా పెట్టలు దాన్ని పొడిచి తరిమాయి. మూడు వారాల కిందటిదాకా కలిసి తిరిగినవే! ఆయమ్మ నవ్వి, వాటికి కనబడేలా కన్నాల గంప కింద నాలుగు రోజులు ఉంచింది. అప్పుడు ఊరుకున్నాయి.

ఇప్పుడు మీ అభ్యంతరాల గురించి రాస్తాను. కొందరు రోగం వస్తుందని భయపడ్డారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మనమందరం విన్నాం కాబట్టి ఆ భయం న్యాయమే. అయితే దెబ్బ తగిలిన కోడి వేరు, జబ్బు చేసిన కోడి వేరు. ఒక్కసారిగా నాలుగైదు కోళ్ళు ముడుచుకున్నా, ఆకుపచ్చగా పారినా, కొక్కెర తెగులులోలాగ మెడ తిప్పేసుకున్నా దాన్ని ముట్టుకోకూడదు, కొయ్యకూడదు, తినకూడదు. వెంటనే సార్లకి చెప్పాలి. అలాంటి కోడిని కాపాడమని నేను అనను.

ఇంకో అభ్యంతరం మా తొమ్మిదో తరగతి మిత్రుడిది. "మనకి జ్వరం వస్తే ఇంత చూసేవాళ్ళు లేరు, నువ్వు కోడికి చేస్తున్నావు" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. జవాబు దొరకలేదు కూడా. కానీ ఒకటి గమనించాను. కోడి తన నలతని దాచుకుంటుంది. గింజలు తింటున్నట్టే నేల పొడుస్తుంది, గొంతు కింద సంచి తడిమితే ఖాళీ. నలత కనబడితే మిగతావి పొడుస్తాయని దానికి భయం. మనమూ అంతే కదా? జ్వరం ఉందంటే వేళాకోళం చేస్తారని, ఇంటికి పంపేస్తే పరీక్ష పోతుందని దుప్పటి కప్పుకుని పడుకుంటాం. కోడిని చూసుకున్న ఆ రోజుల్లోనే మా వరసలో ఐదో తరగతి తమ్ముడు కంచం పట్టుకుని కూర్చుని అన్నం కలుపుతూ ఉన్నాడు గాని తినడం లేదని నాకు కనబడింది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. వార్డెన్ సార్‌కి చెప్పాను, ఆసుపత్రిలో రక్తం తీస్తే మలేరియా అని తేలింది. అంతకుముందు నేనైతే చూసేవాణ్ణి కాదు. అందుచేత ఆ మిత్రుడితో నేను అనేది, కోడికి చెయ్యడం మానమని కాదు, పక్క మంచం వాడి కంచం కూడా చూద్దామని.

వార్డెన్ సార్‌కి నా మనవి రెండు. పాత సామాన్ల గదిలో ఆ మూలని అలాగే ఉంచండి. కుళాయిల దగ్గర రాళ్ళు విసిరినవాడికి బెత్తం దెబ్బలు వద్దు, వాడు కొట్టిన దాన్ని వాడి చేతికే ఇవ్వండి. మిత్రులకు మనవి, స్టోర్ రూము పక్కన బోర్లించి ఉన్న కన్నాల గంపని జామకాయలకి పట్టుకుపోకండి. ఎర్ర పెట్ట పోయిన గురువారం నుంచి మళ్ళీ గుడ్లు పెడుతోంది. ఇప్పటికి మూడు అయ్యాయి. ఆయమ్మ వాటిని లెక్కపెట్టింది.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి, బి సెక్షన్