తల్లి పొదుపు, కొడుకు షేర్లు

మా పేటలో ఒక తల్లి డ్వాక్రా సంఘం నుంచి తెచ్చిన 50 వేలు ఇరవై రోజుల్లో మాయమైపోయాయి. దొంగలు పడలేదు, ఇల్లు కాలలేదు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకు ఫోనులో 'ఆప్షన్లు' ఆడాడు. మొదటిరోజు 1,800 లాభం వచ్చిందట. ఆ 1,800లే కొంప ముంచాయి. నెలనెలా కంతు కట్టడానికి ఇప్పుడా తల్లి పత్తిచేలో కూలికి పోతోంది.

పిల్లవాణ్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. అతను మనవాడే. పల్లెకు నలుగురు అలాంటి పిల్లలు మమ్మల్ని అడుగుతున్నారు: "సార్, చేతిలో నలభై యాభై వేలున్నాయి. బ్యాంకులో వేస్తే ఏం పెరుగుతాయి? షేర్లు ఆడితే తప్పేంటి?"

తప్పొప్పులు తర్వాత. ముందు లెక్క చూద్దాం. షేర్ల బజారును అదుపు చేసే సెబీ 2024 సెప్టెంబరులో ఒక లెక్క బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన మామూలు జనం కోటికి పైనే. వాళ్లలో నూటికి 93 మంది పోగొట్టుకున్నారు. అందరి నష్టం కలిపితే 1 లక్షా 80 వేల కోట్లు దాటింది. 2023-24లో ఆడినవాళ్లలో నూటికి 75 మందికి పైగా ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం చూపినవాళ్లు. ఎవరు వీళ్లు? మనలాంటోళ్లే గదా!

ఆ డబ్బు గాలిలో కలవలేదు. అదే ఏడాది విదేశీ మదుపు సంస్థలు, సొంత డబ్బుతో ఆడే పెద్ద కంపెనీలు వేలకోట్ల లాభం తీశాయి. ఆ లాభం దాదాపు అంతా కంప్యూటర్లు వాటంతటవే చేసిన బేరాలదేనని సెబీయే చెప్పింది. ఆ మిషన్లకు ఎదురుగా మన పిల్లవాడు సిగ్నలు అందని ఫోను పట్టుకుని వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఇదేం పోటీ?

అలాగని షేర్లు షావుకార్ల సొత్తు, మనకెందుకు అనే మాటకూ మేము ఒప్పుకోం. అమెరికాలో అర్థశాస్త్రం చదివొచ్చిన బాబాసాహెబ్ బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. ఆయన అంటరానివాడని తెలిశాక వచ్చేవాళ్లు మానేశారు, సంస్థ మూతపడింది. ఆ విద్య మనకు రాక కాదు, రానివ్వక. కంపెనీల్లో మనకూ వాటా ఉండాలి. కాకపోతే వాటా కొని ఏళ్ల తరబడి ఉంచుకోవడం వేరు, పొద్దున కొని మధ్యాహ్నం అమ్మడం వేరు. రెండోది పేకాటే.

చేతిలో కొద్దిపాటి డబ్బుంటే మొదట తీర్చాల్సింది అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీ బాకీ ఉందనుకోండి, ఏడాదికి నూటికి 36 పోతున్నట్టు. అది తీరిస్తే ఆ 36 మిగిలినట్టే. ఏ షేరూ అంత ఖాయంగా ఇవ్వదు. ఈ మాట టిప్పులు అమ్ముకునేవాడు చెప్పడు, చెబితే వాడికి ఏం మిగుల్తుంది?

తర్వాత ఆరునెలల బువ్వకు, ఆసుపత్రికి సరిపడా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉండాలి. వడ్డీ తక్కువే. ధరలు పెరిగేకొద్దీ ఆ డబ్బు విలువ కొంత కరుగుతుంది, దాచిపెట్టం. అయినా పోస్టాఫీసు డబ్బుకు కేంద్ర ప్రభుత్వం హామీ ఉంది, బ్యాంకు డిపాజిట్టుకు 2020 నుంచి 5 లక్షల దాకా బీమా ఉంది. ఆసామి కొడుకు రెండు లక్షలు పోగొట్టుకుంటే అరెకరం అమ్ముతాడు. మన దగ్గర పోతే ఆడపిల్ల చదువు ఆగుతుంది. ఎక్కువ వడ్డీ అంటూ గడప తొక్కే ఏజెంటు చేతిలో పెట్టేది కూడా పొదుపు కాదు. అగ్రిగోల్డు గాయం ఇంకా మానలేదు.

ఇవన్నీ అయ్యాక, అయిదారేళ్లు ముట్టుకోనక్కరలేని డబ్బుంటే నెలకు ఐదొందలో వెయ్యో ఇండెక్స్ ఫండులో వేసుకోవచ్చు. అందులో యాభై పెద్ద కంపెనీల వాటాలు కలిసి ఉంటాయి. అదీ పడుతుంది, లేస్తుంది. కానీ ఒక్క కంపెనీని నమ్ముకోవద్దు. మన హైదరాబాదు సత్యం కంపెనీలో 2009 జనవరి 7న యజమానే దొంగలెక్కలు ఒప్పుకుంటే, ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది.

ఆ తల్లి కొడుకు "పోయింది రాబట్టాలి" అంటూ మళ్లీ అప్పు కోసం తిరుగుతున్నాడని విన్నాం. వరసగా నష్టపోయినా నూటికి 75 మందికి పైగా ఆట మానలేదని సెబీ లెక్కలోనూ ఉంది. కార్యకర్తలు ముందు అలాంటి ఇళ్లకు పోవాలి. పిల్లవాణ్ని కసరకుండా పక్కన కూర్చోబెట్టుకుని, ఎంత పెట్టాడో, ఎంత పోయిందో, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో అతని చేతే కాగితం మీద రాయించాలి.